మైలమ నామధేయులు – బయ్యారము చెఱువు శాసనము

ఒకే పేరు పెక్కండ్రకుఁ గలిగియుండుట లోకసహజము. వ్యవహారమున నిది చిక్కు గలిగింపదు. ఊరిపేరో, యింటిపేరో, తండ్రిపేరో చేర్చి మనము వ్యక్తులను వేఱుపఱచుకొనుచున్నాము. చరిత్రమున నట్లు గాదు. ఱాయి పగిలియుండవచ్చును, లిపి యరిగియుండవచ్చును, కాలనిర్దేశము లోపించియుండవచ్చును. అట్టియెడఁ బేరొక్కటియే మిగులును. ఆ పేరు మన యెఱిఁగిన పేరైనచో, మన యెఱిఁగిన వ్యక్తియే యనుకొని తృప్తి నొందుదుము. ఈ ప్రమాదము పురుషుల విషయమునఁ గొంత తక్కువ. వారికి బిరుదావళులు గలవు, యుద్ధములు గలవు, రాజ్యవర్షములు గలవు. స్త్రీల విషయమున నధికము. వారి పేళ్లు పెక్కు శాసనములలో నొక్క పంక్తిలోఁ దోఁచి మఱుపంక్తిలో మాయమగును.

ఇట్టి పొరపాటు సామాన్యులకే కాదు, ప్రసిద్ధులకును గలిగినది. మార్కోపోలో యను వెనీసు యాత్రికుఁడు మోటుపల్లి ప్రాంతమును వర్ణించుచు నా దేశమును బాలించు రాణిని బ్రశంసించెను. కాని యామె పేరు చెప్పక, గతించిన రాజునకు భార్య యని వ్రాసెను. ఆ మాటను బట్టి రుద్రమదేవి గణపతిదేవుని పత్ని యని కొందఱు చిరకాలము విశ్వసించిరి. శాసనములును, విద్యానాథుని ప్రతాపరుద్రీయమును జూచిన పిదపఁ గాని యామె గణపతిదేవుని కూఁతు రన్న సత్యము స్థిరపడలేదు. అంతటి చక్రవర్తినికే యీ గతి పట్టినపుడు తక్కినవారి మాట వేఱ చెప్పనేల?

నేనును నిట్టి పొరపాటే యొకటి చేసితిని. అనుమకొండ కొండపై బసది కట్టించిన మైలమయు, బయ్యారమునఁ జెఱువు కట్టించిన మైలమయు నొక్కతెయే యని పెక్కేండ్లు విద్యార్థులకుఁ బాఠము చెప్పితిని. ఒకనాఁ డొక బాలుఁడు లేచి, “బసది శాసనము 1117 నాఁటిదంటిరి. గణపతిదేవుఁడు 1199లో రాజ్యమునకు వచ్చెనంటిరి. ఆమె యెన్నేండ్లు బ్రదికినది పంతులుగారూ?” యని యడిగెను. నాయొద్ద నుత్తరము లేదు. ఈ వ్యాస మా బాలుని ప్రశ్నకు సమాధానము.

మొదట నామస్వరూపమును విచారింతము. తెలుఁగున నిది మైలమ. సంస్కృతశ్లోకములలో మైలాంబా యనియు, మైలమాంబా యనియుఁ గానవచ్చును. కర్ణాటదేశమున మైళలదేవి యను రూపము ప్రసిద్ధము. ‘అమ’ యనునది తల్లిని దెలుపు దేశ్యపదము. శ్లోకకర్త దానిని దొలఁగించి సంస్కృతాంబాశబ్దమును జేర్చినచో సవర్ణదీర్ఘముచే మైలాంబా యగును. తొలఁగింపకయే చేర్చినచో మైలమాంబా యగును. ఈ రెండవ రూపమునఁ దల్లి రెండుమార్లు వచ్చినది. దేశ్యమున నొకమాఱు, తత్సమమున నొకమాఱు. ముప్పమాంబ, కుందమాంబ, బయ్యమాంబ యను కాకతీయస్త్రీల నామములును నిట్టివే.

ఈ రూపభేదమునకు హేతువు ఛందస్సు. మైలమ భగణము. మైలాంబా మగణము. మైలమాంబా రగణముపై నొక గురువు. వృత్తమున నేస్థానమున నెట్టి గణము గావలెనో కవి యట్టి రూపమును గ్రహించును. కావున రూపభేదమును జూచి వ్యక్తిభేదమును గల్పింపరాదు. అట్లే రూపసామ్యమును జూచి వ్యక్త్యైక్యమును గల్పింపరాదు. వ్యాకరణము మనకుఁ జెప్పఁగలిగిన దింతమాత్రమే. తక్కినది కాలము, దేశము, బంధుత్వము, కార్యము నను నాలుగు సాక్ష్యములచే నిర్ణయింపవలయును.

‘మైల’ యనఁగా నశుచి యని తెలుఁగున నర్థము గలదు గదా, రాజకన్యల కీపే రెట్లు పెట్టిరని కొంద ఱడుగుదురు. బిడ్డలు పుట్టి చచ్చుచున్న యిండ్లలో మృత్యువు కంటఁ బడకుండుటకై పెంటయ్య, పుల్లయ్య యని నీచార్థకములైన పేళ్లు పెట్టుట మనదేశాచారమే. కాని యీ నామము చాళుక్యచక్రవర్తుల యంతఃపురము మొదలుకొని మంత్రుల యిండ్లవఱకు వ్యాపించియుండుటచే నట్టి సమాధాన మిచట నొప్పదు. మైలారుదేవుని పేరితో దీనికి సంబంధము గలదని నా యభిప్రాయము. ఆ దేవుని కొలువు కర్ణాటదేశమునను, ఓరుఁగంటను బ్రబలముగా నుండెను. క్రీడాభిరామమున మైలారుభటుల సాహసకృత్యములు వర్ణింపఁబడినవి. చాళుక్యరాజ్యముతోఁ బాటు దేవుఁడును, దేవునితోఁ బాటు నామమును దూర్పునకు వచ్చినవని యూహించుట యుక్తము.

ఇఁక వ్యక్తులను బరికింతము. కల్యాణచాళుక్యుఁడగు మొదటి సోమేశ్వరుని (1042–1068) రాణులలో నొకతె మైళలదేవి. ఈమె 1053 ప్రాంతమున వనవాసి పన్నెండువేల దేశమును బాలించుచుండెను. ఆ వంశముననే ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కూఁతురు మఱియొక మైళలదేవి. ఈమె గోవా కదంబరాజగు రెండవ జయకేశికి భార్య. ధారవాడ సమీపమునందలి నరేంద్రగ్రామమున 1125 నాఁటి శాసన మీదంపతులను బేర్కొనుచున్నది. మొదటియామె కోడలుగా వచ్చి పాలించినది. రెండవయామె కూఁతురై పుట్టి యన్యరాజ్యమునకు వెడలినది. ఇంటిపే రొక్కటియే యైనను నొకతె మఱియొకతె గాదు.

ఈ రెండవ మైళలదేవి కాలముననే యనుమకొండలో నొక మైలమ యుండెను. అప్పటి కాకతీయులు చాళుక్యులకు సామంతులు. రెండవ ప్రోలరాజునకు మంత్రి పెర్గడ బేతన. అతఁడు వైజదండనాథునకును యాకమబ్బెకును గుమారుఁడు. అతని భార్య మైలమ. ఆమె కొండమీఁదఁ గడలాలయబసది యను జైనాలయమును గట్టించి దానికి భూమి నిచ్చినది. శాసనము కన్నడభాషలో నున్నది. చాళుక్యవిక్రమకాలము 42వ సంవత్సరము, హేమలంబి, అనఁగాఁ గ్రీ. శ. 1117. ఉగ్రవాడి ప్రభువగు మేళరసుఁడు కూడ నాబసదికి భూదానము చేసెను. నేఁ డాకొండపై నున్న దేవత పద్మాక్షి యని పిలువఁబడుచున్నది. ఱాతిపై జినమూర్తులు మాత్రము నేఁటికిని నిలిచి పూర్వవృత్తమును జెప్పుచున్నవి.

పల్నాటివీరచరిత్రమున మఱియొక మైలమ గలదు. చందవోలు ప్రభువు కూఁతురగు మైలమదేవిని హైహయుఁడగు అనుఁగురాజు పెండ్లియాడెననియుఁ, బల్నాఁ డామెతో నరణముగా వచ్చినదనియు నా కథ చెప్పుచున్నది. ఆమె కుమారుఁడు నలగామరాజు. సవతికొడుకగు మలిదేవునితో నతనికిఁ గలిగిన రాజ్యవిభాగకలహమే కారెమపూఁడి రణముగాఁ బరిణమించినది. ఆ కథను జదువువారు నాగమ్మను, బ్రహ్మనాయనిని దలఁతురు; బాలచంద్రునకై కన్నీరు విడుతురు. ఏ భూమికై యాయుద్ధము జరిగెనో యాభూమి మైలమదేవి యరణమన్న మాట మఱతురు. ఇది కావ్యసాక్ష్యము, శాసనసాక్ష్యముతో సమానముగాఁ దూఁచరాదు. అయినను బేరును గాపాడినంతవఱ కది మాన్యము.

వీరందఱికిఁ బిమ్మట వచ్చిన కాకతి మైలమయే యీ వ్యాసమునకుఁ బ్రధానవిషయము. ఈమె మహాదేవరాజునకును బయ్యమాంబకును గూఁతురు. గణపతిదేవచక్రవర్తికి (1199–1262) సోదరి. నతవాడి ప్రభువగు రుద్రుని బెండ్లియాడినది. ఈమె సోదరి కుందమాంబయు నా రుద్రునకే భార్య. నతవాడి యనఁగా నేఁటి నందిగామ, మధిర ప్రాంతములు. కృష్ణకు నుత్తరమున, ఓరుఁగంటికిఁ దూర్పుదక్షిణముల నున్న యీ సీమ కాకతీయరాజ్యమునకుఁ బెట్టనికోట వంటిది. మహాదేవరాజు యాదవులతోడి యుద్ధమున మరణించి, గణపతిదేవుఁడు వారి చెఱఁబడి, రాజ్యము తలక్రిందైన కాలమును ఈ సోదరులు, సోదరీమణులు చూచినవారు. రాజ్యము మరల నిలిచిన పిదప నాఁడుబిడ్డల నిద్దఱ నతవాడి కిచ్చుట కేవలము వివాహము గాదు, సంధియును నని చెప్పఁదగును.

ఈ మైలమ బయ్యారమునఁ జెఱువు కట్టించి, తన బిరుదమగు ధర్మకీర్తి పేర దానికి ధర్మకీర్తిసముద్రమని నామ మిడినది. సప్తసంతానములలోఁ దటాక మొకటి యని పెద్దలు చెప్పుదురు. పుత్రుఁడు, దేవాలయము, వనము, నిధి, యగ్రహారము, కృతి యనునవి తక్కినవి. వీనిలోఁ బుత్రునిచేఁ బేరు నిలుచుట పురుషునకే. స్త్రీకి మగని గోత్రమే గాని తన గోత్రము నిలువదు. తటాకమున కట్టి భేదము లేదు. కట్టించినవారి పేరే దానికి గోత్రము.

బయ్యారము నేను జూచితిని. ఖమ్మమునుండి గోదావరివైపుగా నడచినచోఁ గ్రమముగాఁ జేలు తగ్గి యడవి మొదలగును. టేకు, మద్ది, యిప్ప, తునికి చెట్లు; నడుమ నడుమఁ గోయగూడెములు; ఇనుపఱాతిచే నెఱ్ఱనైన నేల. ఈ సరిహద్దుననే చెఱు వున్నది. గ్రామము 1953కుఁ బూర్వము వరంగల్లు జిల్లాలోనిది. పిదప ఖమ్మము జిల్లాలోనిది. 2016 మొదలు మహబూబాబాదు జిల్లాలోనిది. సర్కారుపటములు మాఱినవి గాని చెఱువు మాఱలేదు. కట్టపై నొక వృద్ధకాఁపు కూర్చుండియుండఁగా, “తాతా, యీ చెఱువు నెవరు కట్టించిరి?” యని యడిగితిని.

“రాజుల కాలంనాటిది పంతులుగారూ. పేరు మాకేం ఎరుక? పెద్దచెరువంటం” అని యతఁడు చెప్పెను.

“గణపతిదేవమహారాజు తోఁబుట్టువు కట్టించినది” అంటిని.

అతఁడు కొంతసేపు నీటివంకఁ జూచి, “ఆడబిడ్డ కట్టించిందా! అయితే రాతిమీద పుట్టినింటోళ్ల పేరు రాయించిందా, మెట్టినింటోళ్ల పేరు రాయించిందా?” అని యడిగెను.

ఈ ప్రశ్న పండితుఁ డడుగవలసిన ప్రశ్న. రెండును వ్రాయించినదనియే యుత్తరము. కాని పుట్టినింటివారి వంశమును బదితరములకు మించి వ్రాయించినది. చరిత్రకారుల కాశాసనముపైఁ గల యాదరమునకుఁ గారణ మిదియే.

కాకతీయుల శాసనములలోఁ బ్రఖ్యాతమైనది రుద్రదేవుని యనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము; కాలము 1163. మనోహరమైన సంస్కృతరచన, విజయములతో నిండినది. కాని యందు వంశక్రమము త్రిభువనమల్లుఁడను రెండవ బేతరాజుతోనే, యనఁగా రుద్రదేవుని తాతతోనే మొదలగుచున్నది. అంతకుఁ బూర్వులను రుద్రదేవుఁడు చెప్పలేదు. స్వతంత్రరాజ్యమును స్థాపించినవానికిఁ బూర్వులను లెక్కించు నవసరము తోఁపలేదు గాఁబోలు. అతని తమ్ముని కూఁతు రడవియంచునఁ జెఱువుకట్టపై నిలిపిన ఱాయి యా లోపమును దీర్చినది.

ఆ శాసనము దుర్జయుని కులమును జెప్పి, కాకతి యను పురమునఁ బాలించిన వెన్నరాజును బేర్కొనును. అతని సంతతివారికిఁ గాకతీశులని పేరు వచ్చుట కదియే కారణమనును. పిదప గుండరాజులు ముగ్గురు. వారు ముగ్గురు రాములవలె నుండిరని కవి వర్ణించెను. తరువాత ఎఱ్ఱరాజు, పిండిగుండరాజు, బేతరాజు. అరిగజకేసరి బిరుదుగల మొదటి ప్రోలరాజు తన బిరుదము పేరఁ గేసరితటాకమును గట్టించెను. ఆపై రెండవ బేతరాజు, రెండవ ప్రోలరాజు, రుద్రదేవ మహాదేవులు, గణపతిదేవుఁడు. ఇచట నొక విశేషము గమనింపఁదగును. పూర్వులలో బిరుదము పేరఁ జెఱువు కట్టించినవానిని మైలమ ప్రత్యేకముగాఁ బేర్కొనినది. తానును బిరుదము పేరనే చెఱువు కట్టించినది. వంశావళి యామెకు బిరుదములపట్టిక గాదు. తన కార్యమునకుఁ బ్రమాణము.

ఈ వంశక్రమ మెంతవఱకు విశ్వసనీయమను సందేహమునకు మాంగల్లు తామ్రశాసన ముత్తర మిచ్చుచున్నది. తూర్పుచాళుక్యుఁడగు దానార్ణవుఁడు 956లోఁ గాకర్త్య గుండ్యనయను సేనాని ప్రార్థనమున మాంగల్లు గ్రామమును దొమ్మనయను బ్రాహ్మణునకు దానము చేసెను. గుండ్యన పూర్వులుగా గుండియ, ఎఱియ, బేతియ లందుఁ జెప్పఁబడిరి. ఈ గుండ్యన కాకతీయుల పూర్వుఁడా, కాఁడా యని పండితులు వాదించిరి. బయ్యారముశాసనమునందలి గుండ, ఎఱ్ఱ, పిండిగుండల క్రమ మామాంగల్లుపరంపరతోఁ బొసఁగుటచే నాతఁడు పూర్వుఁడే యను పక్షము బలపడినది. ఎఱ్ఱ, గుండల నడుమఁ దామ్రశాసనము చెప్పు బేతియ శిలాశాసనమునఁ గానరాఁడు. అయినను స్థూలమైన యేకవాక్యతకు భంగము లేదు. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1978లో వెలువరించిన కాకతీయచరిత్రమున నీ బయ్యారముశాసనమునే వంశారంభమున కాధారముగా గ్రహించిరి.

మఱియొక విచిత్రము. మాంగల్లు నతవాడివిషయములోని గ్రామము. మైలమ కోడలుగా వచ్చిన సీమలోనే యామె పూర్వుని పేరుగల తామ్రఫలకములు రెండున్నర శతాబ్దములకుఁ బూర్వమే పుట్టియుండెను. మెట్టినింటి నేల పుట్టినింటి మూలమును గూడ దాఁచియుంచినది.

కూఁతుండ్రు పుట్టినింటి వంశమును శాసనములకెక్కించుట మైలమయందే కాదు. ఆమె మేనకోడలు, గణపతిదేవుని కూఁతురు గణపాంబ, కోట బేతరాజునకు భార్య. భర్త గతించిన పిదపఁ గృష్ణాతీరసీమను దానే పాలించి, యతని పుణ్యమునకై దేవాలయమును గట్టించినది. ఆమె యెనమదల శాసనమునను భర్తృవంశముతోఁ బాటు కాకతివంశమును వర్ణింపఁబడినది. కుందమాంబయుఁ జెన్నూరు సమీపమునందలి కుందవరమున శాసనము నిలిపినది. అంతకుఁ బూర్వమే విరియాల కామసాని చాళుక్యచక్రవర్తిని దర్శించి బాలుఁడగు బేతరాజున కనుమకొండ నిప్పించెనని గూడూరుశాసనము చెప్పుచున్నది. కొడుకులు రాజ్యమును గాపాడిరి. రాజ్యము 1323లో నశించినది. కూఁతుండ్రు వంశస్మృతిని గాపాడిరి. అది నేఁటికిని నిలిచినది.

పై విషయములను బట్టి సిద్ధాంత మిది. బసది కట్టించిన మైలమ 1117 నాఁటిది, మంత్రిభార్య, జైనాలయమునకు దాత్రి, కన్నడశాసనము గలది. చెఱువు కట్టించిన మైలమ గణపతిదేవుని కాలమునది, రాజపుత్రి, నతవాడి రుద్రుని పత్ని. కాలము, బంధుత్వము, కార్యము నను మూఁడును భిన్నములు. దేశము మాత్రమే సమీపము. ఆ సామీప్యమే నన్ను మోసపుచ్చినది. బయ్యమాంబ పేరికిని బయ్యారము పేరికిని గల ధ్వనిసామ్యమును జూచి, తల్లిపేర నాయూరు వెలసెనని నిశ్చయించుటయు నట్టి తొందరపాటే యగును. ధ్వని ప్రశ్నను లేపును. శాసనమే తీర్పు చెప్పవలయును.

పాఠశాలలలోఁ జరిత్రము బోధించు పండితులకు నాదొక విన్నపము. రుద్రమదేవిని జెప్పుచున్నాము; అది యుచితమే. ఆమె మేనత్తను గూడఁ జెప్పుదము. మైలమ యని యూరక చెప్పినఁ జాలదు. కాకతి మైలమ, గణపతిదేవుని సోదరి, నతవాడి రుద్రుని పత్ని, ధర్మకీర్తిసముద్రనిర్మాత్రి యని చెప్పవలయును. ఈ విశేషణము లలంకారములు గావు. ఇవి లేనిచోఁ బేరు నలుగురిలోఁ గలిసిపోవును.

నేను బయలుదేఱునపు డావృద్ధకాఁపు కట్ట దిగివచ్చి, “పంతులుగారూ, ఆ ఆడబిడ్డ పేరు ఇంకోసారి చెప్పుండ్రి” అని యడిగెను. చెప్పితిని. అతఁడు రెండుమార్లు తనలో ననుకొని తూమువైపు నడచెను. అతఁ డన్న రూపము మైలమ్మ. శ్లోకకవులు మైలాంబయనిరి, శాసనలేఖకులు మైలమ యనిరి, ఆయకట్టు కాఁపు మైలమ్మ యనెను. మూఁడును సాధురూపములే.